మడత పడని నోటు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. గోడ అవతల మనిషికి ఏదో అవుతుంది, ఇవతల ఉన్న మనకు తెలియదు. అదీ నా భయం. పాముకు కూడా నేను అంత భయపడను.

మాది రాయచోటి. నేను బట్టల షాపులో పనిచేస్తాను. ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. మా ఆయన టమోటా లారీ తోలతారు. నెలలో సగం పైన రోడ్డు మీదే ఉంటారు. కాబట్టి మా అమ్మాయి శిల్ప బడి నుంచి వచ్చి, తనే తాళం తీసుకుని, తనే అన్నం పెట్టుకుని తింటుంది. షాపులో చీరలు మడతపెడుతున్నా నా మనసు ఆ తాళం దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

శిల్ప ఐదో తరగతి. ఈ సంగతంతా తర్వాత తనే నాకు చెప్పింది. తను చెప్పినట్టే మీకు చెప్తాను.

ఆ రోజు గురువారం. బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పిల్లలంతా వరండాలో శిల్ప క్లాసులోని హర్షవర్ధన్ చుట్టూ మూగారు. వాడి ఒళ్ళో ఒక ఆల్బమ్ ఉంది. దాంట్లో ఫొటోలు లేవు. ప్లాస్టిక్ అరల్లో పాత నోట్లు ఉన్నాయి.

"మేయ్, తొయ్యొద్దండిరా! వేలు పడితే మరకైతాది," అన్నాడు హర్షవర్ధన్.

"ఇదేందిరా, ఈ పదికి చెవి వచ్చిందే?" అన్నాడు ఒకడు.

"అది తప్పు నోటు. మిషన్‌లో కాగితం మడతపడింది. కోసేటప్పుడు ఆ మూల మిగిలిపాయ. ఇట్లాంటివి శానా తక్కువ దొరుకుతాయి."

అందరూ ఆ చెవిని చూడటానికి మెడలు చాపారు. శిల్ప అందరికంటే వెనక నిలబడింది. ఈ బడిలో జూన్‌లోనే చేరింది. ఇంకా ఎవరూ తనను ఆటకు పిలవరు. అన్నం తినేటప్పుడు తన పక్కన ప్లేటు పెట్టుకుని కూర్చునేవాళ్ళు లేరు.

నిజానికి శిల్ప దగ్గర కూడా పాత నోట్లు ఉన్నాయి. లారీ తోలుతూ పోయిన చోటల్లా వాళ్ళ నాన్న ఒక్కొక్కటి తెచ్చిస్తారు. ఒక రూపాయి నోటు, రెండు రూపాయల నోటు, ఎవరో నేపాల్ డ్రైవరు ఇచ్చిన నోటు. వాటిని బ్యాంకు పాస్‌బుక్ కవర్లో దాచుకుంటుంది. నాన్న లేనప్పుడు అవి తీసి నేల మీద వరసగా పరుచుకుంటుంది. ఈ నోటు నాన్నకు యాడ దొరికిందో, ఆ ఊరు ఎట్లుంటుందో అని ఆలోచించుకుంటూ కూర్చుంటుంది.

"నా కాడ కూడా నోట్లుండాయి," అంది శిల్ప.

ఎవరూ తిరగలేదు. ఈసారి గట్టిగా అంది.

హర్షవర్ధన్ తల ఎత్తాడు. "786 ఉండాదా?"

నోటు మీద నంబరు ఉంటుంది కదా. ఆ నంబరు చివర 786 వస్తే చాలామంది ముస్లింలు దాన్ని శుభమని దాచుకుంటారు. నోట్లు సేకరించేవాళ్ళకు కూడా అది మోజు.

"నా కాడే లేదు. నీ కాడ యాడుంటాది లే," అన్నాడు హర్షవర్ధన్.

"ఉండాది," అంది శిల్ప. ఆ మాట నోట్లోంచి దానంతటదే జారిపోయింది. "పాత ఐదు రూపాయలు. గాంధీతాత బొమ్మ కూడా ఉండదు. ముందు సింహాలు, వెనక ట్రాక్టరు."

ఇప్పుడు అందరూ తిరిగారు. అంతమంది ఒకేసారి తనను చూడటం శిల్పకు అదే మొదటిసారి.

"శనివారం తీసుకురా," అన్నాడు హర్షవర్ధన్. శనివారం బడికి పుస్తకాల సంచి లేకుండా పోతారు. ఎవరికి వచ్చిన విద్య వాళ్ళు చూపిస్తారు. "నిజంగా తెస్తే నా పక్కన కూర్చుందువు."

శిల్ప చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ నోటు ఉంది. కానీ అది శిల్పది కాదు.

అది మాబున్నీసా పెద్దమ్మది.

మాబున్నీసా అక్క మా పక్కింట్లో ఉంటుంది. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. ఆమె భర్త పీర్ బాషా అన్న కువైట్‌లో ఒకరి ఇంట్లో కారు డ్రైవరు. పిల్లలు లేరు. ప్రతి సాయంత్రం శిల్ప వెళ్ళి కుట్టుమిషన్ పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. శుక్రవారం సాయంత్రం బాషా అన్న వీడియో కాల్ చేసేవాడు. ఫోన్‌లో ఏది నొక్కాలో పెద్దమ్మకు తెలియదు. శిల్పే నొక్కి, ముఖం సరిగ్గా కనపడేలా ఫోన్‌ను దారపు డబ్బాకు ఆనించి పెట్టేది.

మిషన్ పైన గోడకు ఒక మేకు. ఆ మేకుకు ఆకుపచ్చ గుడ్డతో కట్టిన చిన్న మూట. అది ముడుపు. ముడుపు అంటే, మనసులో ఒకటి కోరుకుని గుడ్డలో డబ్బు కట్టి దాచిపెడతారు. కోరుకున్నది జరిగాక తీసుకెళ్ళి గుడిలోనో దర్గాలోనో ఇస్తారు. అంతవరకు విప్పరు.

"దాంట్లో ఏముండాది పెద్దమ్మా?" అని శిల్ప ఎప్పుడో అడిగింది.

"మీ పెదనాయన నోటు. పెండ్లైన కొత్తలో బస్సు చిల్లరలో వచ్చిందంట. 786. అప్పటినుంచి జేబులో పెట్టుకుని తిరిగినాడు. కువైట్‌కు పోయేనాడు నాకిచ్చినాడు. ఆయన తిరిగొచ్చినాక ఇద్దరమూ పోయి దర్గాలో ఇయ్యాల."

గురువారం సాయంత్రం శిల్ప వెళ్ళేసరికి పెద్దమ్మ చెప్పులు వేసుకుంటోంది.

"మెరూన్ దారం అయిపాయ. తెచ్చుకుంటా. ఇల్లు చూస్తాండు," అని వెళ్ళింది.

శిల్ప ఒక్కతే మిగిలింది. మిషన్ ఆగి ఉంది. ఫ్యాను కిరకిరమంటోంది. శిల్ప స్టూలు ఎక్కింది.

ముడి గట్టిగా ఉంది. పళ్ళతో లాగితే వచ్చింది. లోపల నోటు చిన్నగా, గోరంత లావున మడతపెట్టి ఉంది. విప్పుతుంటే కాగితంలా లేదు, పాత చీర గుడ్డలా మెత్తగా ఉంది. ఒక మడత, ఇంకో మడత, ఇంకొకటి. ట్రాక్టరు బయటపడింది. నంబరు బయటపడింది.

శిల్ప జేబులోంచి పది రూపాయలు తీసింది. నాన్న ఇచ్చిన కొత్త నోటు, ఇంకా పెళపెళలాడుతోంది. దాన్ని మడిచి గుడ్డలో పెట్టింది.

'ఐదు తీసినా, పది పెట్టినా. దేవుడికి ఎక్కువే కదా,' అనుకుంది.

గుడ్డ కట్టి, మేకుకు తగిలించి, స్టూలు దిగింది. పెద్దమ్మ దారంతో తిరిగొచ్చేసరికి లెక్కలు చేస్తూ కూర్చుంది. ఆ లెక్కల్లో ఒక్కటీ సరిగ్గా రాలేదు.

మరుసటి రోజు శుక్రవారం. బడి వదిలాక శిల్ప ఇంటికి రాలేదు. బస్టాండు దగ్గర ఉరుకుందు అన్న జిరాక్స్ షాపుకు వెళ్ళింది. మేము ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు అక్కడే లామినేషన్ చేయించాం. ఏ కాగితం చెడిపోకూడదన్నా ప్లాస్టిక్ వేయించాలని శిల్పకు మా ఇంట్లోనే తెలిసింది.

"నోటుకా?" అన్నాడు ఉరుకుందు. "నోటుకు లామినేషన్ ఎందుకు పాపా?"

"చినిగిపోకుండా, అన్నా."

"ఒకసారి వేస్తే మళ్ళా ఊడదు. చూసుకో మల్ల."

"ఊడకూడదనే కదన్నా."

అంతలో కరెంటు పోయింది. అది మళ్ళీ వచ్చి మిషన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. శిల్ప నోటు చేతిలో పట్టుకుని షాపు మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా బస్సులు వచ్చాయి, పోయాయి. చీకటి పడింది. వీడియో కాల్ వేళ దాటిపోయిందని శిల్పకు తెలుసు. అయినా లేవలేదు. నోటు చేతిలో పెట్టుకుని పెద్దమ్మ ఎదురుగా కూర్చోవడం కంటే ఆ మెట్ల మీద కూర్చోవడమే తనకు మేలనిపించింది.

శనివారం బడిలో రంగనాథ్ సార్ అందరినీ వరండాలో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి పాట పాడింది. ఒకడు మట్టితో ట్రాక్టరు చేసి తెచ్చాడు. హర్షవర్ధన్ ఆల్బమ్ చూపించాడు. తర్వాత శిల్ప లేచి నోటును పైకెత్తింది. ఎండలో ప్లాస్టిక్ తళతళ మెరిసింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. హర్షవర్ధన్ మాత్రం కొట్టలేదు.

"ఎవరు వేసినారు దీనికి ప్లాస్టిక్?" అన్నాడు.

"నేనే వేయించినా. సేఫ్‌గా ఉంటాదని."

"అయిపాయ!" తల పట్టుకున్నాడు వాడు. "పాత నోటుకు ప్లాస్టిక్ వేడి పెట్టి అతికించకూడదు. మా మామ చెప్పినాడు. ఇంగ ఇది నోటు కాదు, కార్డు. దీన్ని ఎవరూ తీసుకోరు."

"ఏమే శిల్పా, నోటుకు ఆధార్ చేయించినావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అది చెడ్డ నవ్వేమీ కాదు. కానీ ఆ నవ్వులో శిల్ప ఒక్కతే నవ్వలేదు.

హర్షవర్ధన్ తన పక్కన చోటు చూపించాడు. మాట ఇచ్చాడు కదా. శిల్ప వెళ్ళి కూర్చుంది. పక్కన మనిషి ఉన్నాడు, చుట్టూ మనుషులు ఉన్నారు. అయినా గురువారం మధ్యాహ్నం అందరికంటే వెనక నిలబడినప్పుడు ఎట్లా అనిపించిందో అట్లానే అనిపించింది.

సాయంత్రం ఇంటికి వస్తుంటే పెద్దమ్మ గడపలో కూర్చుని కనపడింది. ఒళ్ళో ఫోన్ ఉంది.

"శిల్పా! నిన్న రాకపోతివే. ఒంట్లో బాగలేదా?"

"హోంవర్క్ ఉండె పెద్దమ్మా."

"నిన్న మీ పెదనాయన ఫోన్ చేయలేదు."

శిల్ప కాళ్ళు ఆగిపోయాయి.

"ఈపొద్దు కూడా చేయలే. ఏం పనిలో ఉండాడో." పెద్దమ్మ ఫోన్‌ను కొంగుతో తుడిచింది. "లోపలికి రాకూడదా?"

"హోంవర్క్, పెద్దమ్మా," అని మళ్ళీ అదే మాట అని, శిల్ప మా ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

గోడకు చెవి ఆనించి వింది. మామూలుగా అయితే అవతల మిషన్ టకటకలాడుతుంది. ఆ రోజు ఆ చప్పుడు లేదు. మనిషి ఉన్నట్టే లేదు.

అప్పుడు శిల్పకు ఒక ఆలోచన వచ్చింది. ముడుపు కట్టింది ఎందుకు? పెదనాయన క్షేమంగా తిరిగి రావాలని. ముడుపు విప్పింది ఎవరు? తను. విప్పిన మరుసటి రోజే ఫోన్ ఆగిపోయింది.

నేను వచ్చేసరికి అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

ఆదివారం పొద్దున నేను జడ వేస్తుంటే శిల్ప అడిగింది. "అమ్మా, ముడుపు మధ్యలో విప్పితే ఏమైతాది?"

"ఎవరి ముడుపు?"

"ఊరికే అడిగినా."

నుదురు పట్టుకుని చూశాను. జ్వరం లేదు. "దారిలో ఎవరన్నా ఏమన్నా అన్నారా? స్కూల్లో కొట్టినారా? చెప్పు తల్లీ."

"ఏం లేదమ్మా. షాపుకు టైమైతాంది, పో."

గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూసుకుని, శిల్ప ముఖం ఇంకోసారి చూసుకుని నేను షాపుకు పోయాను. ఆదివారం మాకు గిరాకీ ఎక్కువ.

ఆ తర్వాత శిల్ప మంచం మీద చాలాసేపు కూర్చుంది. గోడ అవతల ఇంకా చప్పుడు లేదు. పాస్‌బుక్ కవర్లోంచి ప్లాస్టిక్ నోటు తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. చివరకు చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పోయింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. పెద్దమ్మ మిషన్ ముందే కూర్చుని ఉంది. సగం కుట్టిన మెరూన్ జాకెట్టు సూది కింద అట్లాగే ఉంది.

"పెద్దమ్మా."

"రా."

శిల్ప నోటును వెనక దాచుకోలేదు. రెండు చేతులతో ముందుకు చాపింది. "ముడుపు నేను విప్పినా."

"తెలుసు."

"ఎట్లా?"

పెద్దమ్మ మేకు వైపు చూసింది. "ఆ ముడి చూడు. నేనెప్పుడన్నా అట్లా వేస్తానా? రెండు చెవులు పెట్టి, జడకు రిబ్బన్ కట్టినట్టు కట్టినావు. శుక్రవారం పొద్దున నమాజు చేసుకుని లేసి చూసినా. ఎలుకకు రిబ్బన్ కట్టేది రాదు కదా అనుకున్నా."

శిల్పకు నవ్వు రాలేదు. "మరి నన్నెందుకు అడగల్యా?"

"నువ్వొస్తే కదే అడిగేది."

పెద్దమ్మ నోటు తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఆమె వేళ్ళు దాన్ని మడవబోయాయి. ప్లాస్టిక్ వంగింది. వదలగానే టక్కున లేచింది. మళ్ళీ మడిచింది. మళ్ళీ లేచింది. మూడోసారి మడవలేదు. ప్లాస్టిక్ లోపల పాత మడతల గీతలు తెల్లగా కనపడుతున్నాయి. ఆ గీతల మీద వేలు పెట్టి రాసింది. వేలికి ఏమీ తగల్లేదు.

"ఆ మడత మీ పెదనాయనది," అంది మెల్లగా. "బస్టాండులో బస్సు కదులుతాంటే మడిచి నా చేతిలో పెట్టినాడు. ఇన్ని దినాలూ నేను ఒక్కసారి కూడా దాన్ని విప్పి చూడలే. ఆయన మడిచింది మడిచినట్టే ఉండాలని."

శిల్ప ఎప్పుడూ నోటు మీద నంబరు చూసేది, బొమ్మ చూసేది, రంగు చూసేది. మడత చూడాలని తనకు ఎవరూ చెప్పలేదు.

"నా నోట్లన్నీ తీసుకో పెద్దమ్మా. నేపాల్‌ది కూడా."

"నీ నోట్లు నాకెందుకే."

ఆ మాట పెద్దమ్మ గట్టిగా అనలేదు. కానీ అట్లా అని ముఖం అటు తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని శిల్పకు అనిపించింది.

"నేను విప్పినాననే పెదనాయన ఫోన్ చేయలేదు! నావల్లనే! పెదనాయనకు ఏమైందో!" అని భోరుమంది.

పెద్దమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. "ఎవరు చెప్పినారే నీకు అట్లాగ?"

"ఎవరూ చెప్పలే. నాకే తెలిసింది."

"అయ్యో పిచ్చిదానా. దా ఇట్లా." కొంగుతో శిల్ప ముక్కు తుడిచింది. "పోయిన వారం, ఫోన్ చేసినప్పుడు నేనే కసురుకున్నా. లీవు యాడ, ఎన్నిసార్లు చెప్తావు ఇదే మాట అని. ఆ కోపం మీద చేయలేదేమో అనుకుని కూర్చున్నా. అలిగితే రెండు దినాలు అలుగుతాడు ఆయప్ప."

"నువ్వు చేయకపోతివా?"

"నాకొచ్చా అది? పచ్చబొమ్మ నొక్కితే ఏదేదో వస్తాది. ఎవరినని అడిగేది? నువ్వేమో హోంవర్క్ అంటివి."

శిల్ప ఏడుపు ఆపి ఫోన్ తీసుకుంది. పైన మూల చూసింది. చిన్న విమానం బొమ్మ ఉంది.

"పెద్దమ్మా, దీన్ని ఎప్పుడన్నా పైనుంచి కిందకు లాగినావా?"

"గురువారం రాత్రి వెలుతురు ఎక్కువైందని లాగినా. ఏందేందో బొమ్మలొచ్చె."

"విమానం నొక్కినావు. అది నొక్కితే ఫోన్‌కు ఎవరి కాలూ రాదు."

శిల్ప విమానం మీద వేలు పెట్టింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఫోన్ చేతిలో వణికింది. టింగ్ అంది. మళ్ళీ టింగ్. ఇంక ఆగలేదు, వడగండ్లు పడినట్టు మెసేజీలు వస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ రెండు చేతులూ చెంపలకు పెట్టుకుంది.

"చదువు, చదువు. ఏమని రాసినాడు?"

"అన్నీ ఒకటే పెద్దమ్మా. బాగుండావా, బాగుండావా, బాగుండావా అనే."

చదువుతుండగానే ఫోన్ మోగింది. శిల్ప నొక్కి, దారపు డబ్బాకు ఆనించింది. బాషా అన్న ముఖం వచ్చింది. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాబూ! ఏమాయ నీకు? శుక్రవారం నుంచి చేస్తానే ఉండా. మోగనే మోగదు. అలిగినావేమో అనుకున్నా. తర్వాత యాడన్నా కింద పడినావేమో, ఎవరూ చూడలేదేమో అని…" అతను టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఆ వీధిలో ఒక్కరి నంబరన్నా నా కాడ లేదు మాబూ. ఎవరినని అడిగేది నేను?"

పెద్దమ్మ, నేను బాగున్నాను అన్నట్టు చెయ్యి ఊపింది.

"ఫోన్‌లో విమానం నొక్కింది పెదనాయనా," అంది శిల్ప.

"నువ్వుండావా కలెక్టరమ్మా! నోట్లు కలెక్ట్ చేసేది ఎంతవరకు వచ్చె?" బాషా అన్న నవ్వడానికి చూశాడు. "నా నోటు భద్రంగా ఉండాదా మేకుకు?"

పెద్దమ్మ శిల్ప వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. "ఆఁ, ఉండాది…"

"లేదు," అంది శిల్ప. తనే జరిగి ఫోన్ ఎదురుగా కూర్చుంది. "నేను విప్పినా పెదనాయనా. బడిలో చూపించాలని. లామినేషన్ కూడా చేయించినా. ఇప్పుడది మడత పడదు. నీ మడత పోయింది."

బాషా అన్న ముఖం కదల్లేదు. తెర ఆగిపోయిందేమో అనుకుంది శిల్ప. కానీ అతని వెనక గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతూనే ఉంది.

"దాన్ని చూపియ్యి," అన్నాడు.

శిల్ప నోటును కెమెరా ముందు పట్టుకుంది.

"ఎన్నేండ్లాయ ఆ ట్రాక్టరును చూసి," అన్నాడు బాషా అన్న. ఇంకాసేపు చూశాడు. "ఈడికి వచ్చినప్పటినుంచి నాకు అదే యూనిఫారం. నా నోటుకేమో ప్లాస్టిక్ చొక్కా తొడిగించినారు. దాని యోగం చూడు!"

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. కళ్ళు మాత్రం తుడుచుకుంటూనే నవ్వింది.

"మడిచేది నేనే కదా. వచ్చినాక ఇంకోటి మడుస్తా లే," అన్నాడు బాషా అన్న.

"లీవు?" అంది పెద్దమ్మ.

"అడిగినా. రంజాన్ దాటనీ అన్నారు."

"ఊ," అంది పెద్దమ్మ. ఈసారి కసురుకోలేదు.

"పెదనాయనా, మా అమ్మ నంబరు పంపిస్తా. రాసుకో," అంది శిల్ప. "పెద్దమ్మ ఎత్తకపోతే మా అమ్మకు చెయ్యి. నేను పోయి చూసి చెప్తా."

కాల్ అయిపోయాక పెద్దమ్మ ముడుపు దించింది. పది రూపాయలు తీసి శిల్ప జేబులో పెట్టింది. ఆ చిన్న గుడ్డలో ప్లాస్టిక్ నోటు పట్టలేదు. గుడ్డముక్కల సంచి వెతికి, ఆకుపచ్చది పొడుగుగా ఉన్న ముక్క తీసి, సూదీ దారం శిల్ప ముందు పెట్టింది.

"నువ్వే కుట్టు."

"నాకు సరిగ్గా రాదు పెద్దమ్మా."

"రాకపోతే వంకరగా కుట్టు."

శిల్ప వంకరగానే కుట్టింది. రెండుసార్లు వేలు గుచ్చుకుంది. ఎండ గుమ్మం దాటేసరికి పొడుగాటి సంచి ఒకటి తయారైంది. నోటు దాంట్లోకి నిలువుగా, మడత లేకుండా దూరింది. పెద్దమ్మ తన ముడి ఎట్లా వేయాలో చూపించింది. శిల్ప అట్లాగే వేసి మేకుకు తగిలించింది. ఆ ముడికి చెవులు లేవు.

సోమవారం బడిలో హర్షవర్ధన్ అడిగాడు, "786 యాడుండాది?"

"అది నాది కాదు. మా పక్కింటి పెద్దమ్మది. అడగకుండా తెచ్చినా. ఇచ్చేసినా."

"ఓ," అన్నాడు హర్షవర్ధన్. ఆ రోజు కూడా శిల్ప ఒక్కతే కూర్చుని అన్నం తింది. బుధవారం మాత్రం వాడే ప్లేటు పట్టుకుని వచ్చి, "ఆ నేపాల్ నోటు తెచ్చినావా? ఊరికే చూసి ఇస్తా," అన్నాడు. శిల్ప పక్కకు జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు శిల్ప బడి నుంచి రాగానే మా ఇంటి తాళం తీయదు. ముందు పక్కింటి తలుపు కొడుతుంది. పెద్దమ్మ పలికాక ఫోన్ అడిగి తీసుకుని, పైన మూల చూస్తుంది. తర్వాతే పుస్తకాల సంచి దించుతుంది. ఒక్కోసారి హోంవర్క్ నిజంగానే ఎక్కువ ఉంటుంది. అప్పుడు కూడా తలుపు కొట్టి, "హోంవర్క్ ఉండాది పెద్దమ్మా, రేపొస్తా," అని చెప్పి వస్తుంది.

నేను ఎనిమిదో తరగతితోనే బడి మానేసినదాన్ని. మీకు చెప్పగలిగేంత పెద్ద మాటలు నాకు రావు. పిల్లలూ, ఒక్కటే అడుగుతాను. మీ వీధిలో కూడా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చునే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఈ సాయంత్రం ఆడుకోవడానికి పోయే ముందు వాళ్ళ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎట్లా ఉన్నారో అడగండి. ఫోన్ మోగుతోందో లేదో ఒకసారి చూసి రండి.